‘ఏదో కాలక్షేపానికండి’ అంటే వీసా రాదు

తణుకులో నన్ను ఇప్పటికీ చాలామంది ‘ఫైళ్ళ మేడం’ అనే పిలుస్తారు. శారద అని నాకో పేరుందని బ్యాంకువాళ్ళకీ మా ఆయనకీ తప్ప ఇంకెవరికీ గుర్తున్నట్టు లేదు. డిగ్రీ అయ్యాక ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేరాను. మిల్లులవాళ్ళ లెక్కలు, కొట్లవాళ్ళ రిటర్నులు రాస్తూ రాస్తూ, తొంభైల్లో ఫారిన్ వెళ్ళేవాళ్ళ కాగితాలు సర్దే పనిలోకి జారిపోయాను. జారిపోయాననే అంటాను. ఆ రోజుల్లో ఇదొక వృత్తి అని ఎవరూ అనుకోలేదు, కావాలని చేరినవాళ్ళూ లేరు.

ఈమధ్య మా మేనకోడలు ఇదే పనిలో దిగింది. ఏ దేశానికి ఏ కాగితాలు కావాలో కంప్యూటరు చూసి టకటకా చెప్పేస్తుంది. మొన్న మా ఇంటికొచ్చి, “ఇంక ఇందులో నేర్చుకోవడానికి ఏముంది అత్తా?” అంది. నాకు ఒళ్ళు మండింది. మర్నాడే ఈ కాగితాలు ముందేసుకుని కూచున్నాను. దానికోసం, దానిలాంటి పిల్లలకోసం రాస్తున్నాను. ఫారాల సంగతి చెప్పను, అవి ఏటా మారతాయి. ఫారం నింపించుకునే మనిషి మాత్రం నేను చేరిన రోజు ఎలా ఉన్నాడో ఇవాళా అలాగే ఉన్నాడు. అతని గురించి చెప్తాను.

తనకి తానే యజమాని

భార్య దగ్గరికి భర్తయినా, భర్త దగ్గరికి భార్యయినా వెళ్ళాలంటే, అక్కడి ప్రభుత్వం ముందుగా తేల్చుకునేది ఒకటే. అక్కడున్న మనిషి, వచ్చే మనిషిని పోషించగలరా లేదా అని. ఉద్యోగస్థులైతే ఇబ్బంది లేదు. కంపెనీ ఉత్తరం ఇస్తుంది, జీతం చీటీలు ఉంటాయి. సొంత పని చేసుకునేవాళ్ళకి ఆ ఉత్తరం ఎవరిస్తారు? ‘నేను చాలా బాగా సంపాదిస్తున్నాను, ఇట్లు నేను’ అని రాసుకుంటే చెల్లదు కదా. అందుకని లైసెన్సు, టాక్సు కట్టిన రసీదులు, బ్యాంకు కాగితాలు, పని చేయించుకున్నవాళ్ళ ఉత్తరాలు, ఇలా నాలుగు వైపుల నుంచీ పోగేసి చూపించాలి. అన్నీ ఒకే మాట చెప్పాలి. కాగితాలతో పాటు మనిషి కూడా అదే మాట చెప్పాలి. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు.

మా ఆడిటర్ గారు మర్చిపోయేవారు కాదు. ఆయన కోపిష్టి. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది, కోపమొస్తే దాన్ని పటుక్కున కొరికేవారు. ఆ చప్పుడు వినపడితే ఆఫీసంతా తలలు దించుకునేవాళ్ళం. ఎవరైనా ఫైలు పట్టుకొస్తే మాత్రం దాన్ని తెరవనిచ్చేవారు కాదు. “ముందు అది మూసి పెట్టు శారదా, మనిషిని చెప్పనీ” అనేవారు. కాగితం ఒకటి చెప్పి మనిషి ఇంకోటి చెప్తే, ఆ ఫైలు అప్పటికి పక్కన పెట్టేవారు.

ఆయన తరచూ ఒక మాట అనేవారు. మనవాళ్ళు పెళ్ళిచూపుల్లో ఉన్నదానికి రెట్టింపు చెప్తారు, ఆఫీసరు ముందు ఉన్నదాంట్లో సగం చెప్తారు, రెండుచోట్లా కొంప ముంచుకుంటారు అని. అందులో అబద్ధం లేదు. సేల్స్‌టాక్సు వాళ్ళు గుమ్మంలోకొస్తే కొబ్బరికాయల రాశి పక్కనే నిలబడి ‘వ్యాపారం ఎక్కడుందండీ’ అన్న మహానుభావులు నా క్లయింట్లు. ఆఫీసరు అనేవాడు కనపడగానే తక్కువ చెప్పడం మనకి వెన్నతో పెట్టిన విద్య. అది విదేశం ఆఫీసరు ముందు కూడా ఆగకుండా వచ్చేస్తుంది.

తుని వైపు మామిడితోటలు గుత్తకి తీసుకునే ఒక పెద్దాయన ఉండేవాడు. కాయ ఎగుమతి కూడా చేసేవాడు. కూతురి దగ్గరికి వెళ్ళాలని వీసా పెట్టాడు. ఇంటర్వ్యూలో ఏం పని చేస్తారని అడిగితే, “ఏం లేదండి, ఖాళీ” అన్నాడు. ఎందుకలా అన్నారని నేను తలపట్టుకుంటే, “ఇప్పుడు కాపు లేదు కదమ్మా, నిజంగా ఖాళీయే” అన్నాడు. ఆయన వెళ్ళింది చలికాలంలో. ఎండాకాలంలో వెళ్ళుంటే వీసా వచ్చేది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

పచ్చడి మెతుకులు

ఇంకో సంగతుంది, ఇది భయం కాదు, మర్యాద. మన గోదావరి జిల్లాల్లో భోజనానికి పిలిచేటప్పుడు ఏమంటాం? ‘ఏదో మా ఇంట్లో పచ్చడి మెతుకులు తిని వెళ్ళండి’ అంటాం. తీరా వెళ్తే విస్తట్లో చోటు చాలదు. రైస్‌మిల్లు ఉన్నాయన్ని ఎలా ఉన్నారండీ అంటే ‘ఏదో మీ దయవల్ల లాగిస్తున్నామండి’ అంటాడు. అందరికీ తెలుసు అది మాట వరసకని. విన్నవాళ్ళు దాన్ని మనసులోనే నాలుగింతలు చేసుకుంటారు. బయటివాడికి ఆ సంగతి తెలియదు. పచ్చడి మెతుకులు అంటే పచ్చడి మెతుకులనే రాసుకుంటాడు. తప్పు అతనిది కాదు.

ఇందులో ఆడవాళ్ళ పనికి వచ్చేసరికి సంగతి మరీ అన్యాయం. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆడవాళ్ళని చూశాను. పొయ్యిమీద బోర్లించిన కుండ ముందు రోజంతా కూచుని, పిండి తడిపిన గుడ్డతో ఒక్కొక్క రేకూ తీస్తారు. వాళ్ళ ఇంటాయన్ని అడగండి, మీ ఆవిడ ఏం చేస్తుందని. ‘ఇంట్లోనే ఉంటుందండి’ అంటాడు. అతనికి చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. నోరు అలా తిరిగిపోయింది, అంతే.

ఇక ప్రసాదు సంగతి చెప్తాను. నేను చేసిన ఫైళ్ళన్నిట్లో నా తల ప్రాణం తోకకి తెచ్చింది అదే.

ప్రసాదు ఫైలు

అప్పటికి రెండువేల సంవత్సరం దాటింది. ప్రసాదుది తణుకు పక్క పల్లెటూరు. నెమ్మదస్తుడు, ముప్ఫై దాటి ఉంటాయి. భీమవరం వైపు చెరువులు లీజుకి తీసుకుని రొయ్యలు వేశాడు. మొదట్లో బాగానే కలిసొచ్చింది. తర్వాత తెల్లమచ్చ రోగం వచ్చి చెరువుకి చెరువే తుడిచిపెట్టుకుపోయింది. ఈసారి చూద్దాం, ఈసారి చూద్దాం అని పంట మీద పంట వేసి చివరికి చేతులెత్తేశాడు.

భార్య విజయ నర్సు. ఇంగ్లండులో హాస్పిటల్లో పనిచేస్తూ సెలవు మీద వచ్చి ఇతన్ని పెళ్ళి చేసుకుంది. ఆ రోజే వెంట వెళ్ళిపోయి ఉంటే హాయిగా పోయేది. చెరువులు ఎవరు చూస్తారని ఆగిపోయాడు. ఏడాదికోసారి ఆ అమ్మాయే వచ్చి వెళ్ళేది. అక్కడే పాప పుట్టింది. రోగుల్ని ఎత్తీ దించీ విజయకి నడుం పట్టేసింది, పైగా నైటు డ్యూటీలకి పసిపిల్లని ఎక్కడ వదలాలో తెలియలేదు. హాస్పిటల్ మానేసింది. ఉద్యోగాలకి వెళ్ళే తల్లిదండ్రుల పిల్లల్ని పగలంతా తన ఇంట్లో చూసుకునే పని సొంతంగా పెట్టుకుంది. అక్కడ దానికి ప్రభుత్వం దగ్గర రిజిస్టరు అవ్వాలి, ఇల్లు తనిఖీ చేస్తారు, ఆదాయం చూపించి టాక్సు కట్టాలి. ఆ దేశంలో శాశ్వతంగా ఉండే హక్కు ఆ అమ్మాయికి అప్పటికే వచ్చింది. ఇక భర్తని తెచ్చుకోవడమే మిగిలింది.

ఆ పిల్ల పంపిన కాగితాలు చూస్తే నాకు ముచ్చటేసింది. రిజిస్ట్రేషను, తనిఖీ రిపోర్టు, టాక్సు కాగితాలు, అద్దె ఒప్పందం, అన్నీ వరసలో ఉన్నాయి. ఆడిటర్ గారికి అప్పుడు కంటి ఆపరేషను జరిగి ఇంట్లో ఉన్నారు. ప్రసాదుని కూచోబెట్టి మాట్లాడించాను. మీ ఆవిడ ఏం చేస్తారు అంటే, “అన్నీ అందులో ఉన్నాయి కదండీ మేడం గారూ” అని నవ్వాడు. సిగ్గరి, పోనీలే అనుకున్నాను. ఇల్లు అలకగానే పండగ కాదని సామెత ఊరికే రాలేదు.

చెన్నైలో ఇంటర్వ్యూ. తెలుగు చెప్పే మనిషిని పక్కన పెట్టి మరీ అడిగారట. మీ భార్య ఏం పని చేస్తారు అని. మనవాడు చెప్పింది ఇది: “ఇంట్లోనే ఉంటుందండి. ఏదో కాలక్షేపానికి పక్కవాళ్ళ పిల్లల్ని చూస్తూ ఉంటుంది.” అది పనేనా అని మళ్ళీ అడిగారు. “పని అని ఏం లేదండి. మా ఇంట్లో ఆడవాళ్ళు సంపాదించాల్సిన అవసరం లేదండి” అన్నాడు.

రాదని చెప్పేశారు. కారణం కాగితం మీద స్పష్టంగా ఉంది. భార్యకి సొంత వృత్తి ఉందని పత్రాలు చెప్తున్నాయి, ఆమెకి ఏ పనీ లేదని భర్తే చెప్తున్నాడు, కాబట్టి ఈ ఆదాయాన్నీ నమ్మలేం, ఒకరి జీవితం ఒకరికి తెలియని ఈ సంసారాన్నీ నమ్మలేం. నేను ఆ కుర్చీలో ఉన్నా అదే రాసేదాన్ని.

అచ్చయిన మాట

ప్రసాదు ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, తనేం తప్పు చెప్పాడో తెలియక నిలబడ్డాడు. ఎవరడిగినా ఇలాగే కదండీ చెప్తాం అన్నాడు. నిజమే, ఊళ్ళో పెళ్ళిళ్ళలో, అరుగుల మీద ఇంటి ఆడవాళ్ళ పని సంగతి ఎవరడిగినా మగవాళ్ళు అలాగే చెప్తారు. పైగా ఇంట్లో వాళ్ళమ్మ ‘మా కోడలు నర్సు’ అనే ఇప్పటికీ చెప్తోందట. పిల్లల్ని చూసుకోవడం అంటే మన దగ్గర ఆయా పని. ఆ మాట బయటికి రాకూడదు. అందుకని ఊరికి నర్సు, ఆఫీసరుకి కాలక్షేపం. అసలు పని ఎవరి నోటా లేదు.

రెండు రోజులు పోయాక అతనే ఇంకో ఉపాయం మోసుకొచ్చాడు. రాజమండ్రిలో ఎవరో ఏజెంటు, హాస్పిటల్లో ఇంకా నర్సుగానే చేస్తోందని ఉత్తరం పుట్టిస్తానన్నాడట. వాళ్ళమ్మకి ఆ ఆలోచన బాగా నచ్చింది, పరువూ దక్కుతుంది, వీసా కూడా వస్తుంది. నేను తలుపు చూపించాను. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలూ, ఇది ఒక్కటి రాసుకోండి. ఉన్న నిజాన్ని చూపించలేక దొంగ కాగితం పెట్టేవాళ్ళని నేను ఎంతమందినో చూశాను. పట్టుబడి ఆ దేశం తలుపు ఒకసారి మూసుకుంటే ఏళ్ళ తరబడి తెరుచుకోదు. అలాంటి ఏజెంట్లు ఆ తర్వాత ఫోను కూడా ఎత్తరు.

ఆ వారంలోనే విజయ నాకు ఫోన్ చేసింది. తిరస్కారం కాగితం కాపీ ఆమెకి చేరింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, దానికే నాకు ఎక్కువ భయమేసింది.

“మేడం గారూ, వీసా ఇవాళ కాకపోతే రేపు పెట్టుకోవచ్చండి. ఆయన నోటితో అన్న మాట అచ్చేసి ఇచ్చారు కదండీ. నేను చేసేది పని కాదంట” అంది.

అతనికి అలా అనాలని లేదమ్మా, అలవాటు మీద అన్నాడని ఏదో చెప్పబోయాను.

“అలవాటేనండి. నాకూ తెలుసు. ఇంక ఫైలు పెట్టకండి. అన్నీ కట్టేసి నేనే వచ్చేస్తాను. ఆయన దృష్టిలో ఇక్కడ నాకు పనేం లేదుగా, వచ్చేస్తే పోయేదేముంది” అంది.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఇక్కడ అది తిరగబడింది. పరాయి దేశం వాడు కాదన్నందుకు ఆ పిల్లకి బాధ లేదు, మొగుడన్న మాట గుచ్చుకుంది. ఆ అమ్మాయి వచ్చేస్తే ఒక మంచి వృత్తి పోతుంది. వచ్చాక, తెల్లమచ్చ కొట్టిన మొగుడూ, పనిలేని పెళ్ళామూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని కూచుంటారు. ఆ సంసారం ఏమవుతుందో చెప్పడానికి జ్యోతిష్యం తెలియక్కర్లేదు. ఆ పిల్లల తల్లిదండ్రుల చేత ఉత్తరాలు రాయించి పంపు, ఇంకొక్కసారి పెడదాం అని బతిమాలాను. “ఆయన అడిగితే పంపుతానండి” అని పెట్టేసింది.

ఇంట్లో చెప్పలేని మాట

ఆడిటర్ గారి ఇంటికి వెళ్ళి సంగతంతా చెప్పాను. కంటికి పచ్చ అద్దాలు పెట్టుకుని పడుకుని విన్నారు. గోదావరి జిల్లాల మర్యాదల గురించి ఆఫీసరుకి వివరంగా ఉత్తరం రాశానని చదివి వినిపించాను. లవంగం పటుక్కుమంది.

“ఆఫీసరుకి మన ఆచారాలు పాఠం చెప్పకు శారదా. అబ్బాయి తప్పు చెప్పాడు, ఇప్పుడు ఒప్పు చెప్తాడు. రెండు ముక్కలు రాయి, చాలు” అన్నారు. మళ్ళీ ఆయనే, “అసలు వాడికి ఒప్పు తెలుసా?” అన్నారు.

ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. మర్నాడు ప్రసాదుని పిలిచి ఆఫీసు ఫోను ముందు కూచోబెట్టాను. ఐఎస్‌డీ బిల్లు తడిసి మోపెడవుతుందని అకౌంటెంటు గొణిగాడు, గొణగనిమ్మన్నాను. “మీ ఆవిడకి ఫోన్ చేసి, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తుందో అడగండి బాబూ. మధ్యలో మాట్లాడొద్దు” అని చెప్పి బయటికొచ్చేశాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఎప్పుడూ అడగలేదట. డబ్బు అందిందా, పాప తిన్నదా, అక్కడ చలి ఎలా ఉంది, అంతవరకే.

చాలాసేపు మాట్లాడాడు, అంటే విన్నాడు. బయటికొచ్చి నా ఎదురుగా కూచుని తను విన్నదంతా నాకు అప్పజెప్పాడు. తెల్లారకుండానే లేస్తుందట. చీకట్లోనే పిల్లల్ని తెచ్చి దింపుతారట. ఒకడు ఆమె ఒళ్ళో తప్ప నిద్రపోడు. ఒకతెకి గుడ్డు పడదు, పొరపాటున తగిలినా ఊపిరాడదు, అందుకని ఇంట్లో గుడ్డే కొనడం మానేసింది. తన పాప ఏడుస్తున్నా ముందు వాళ్ళ పిల్లల్ని ఎత్తుకోవాలి, ఎందుకంటే వాళ్ళు నమ్మి అప్పగించి వెళ్ళారు. చెప్పాపెట్టకుండా తనిఖీకి వస్తారు, మెట్ల దగ్గర గేటు బిగించి ఉందా, మందులు అందకుండా పెట్టిందా అని చూస్తారు. సాయంత్రం అందరూ వెళ్ళాక నడుం కింద వేడినీళ్ళ సంచి పెట్టుకుని, నేల మీదే పడుకుని పాపకి అన్నం పెడుతుందట.

“నా చెరువులు నేను ఇంత జాగ్రత్తగా చూళ్ళేదండి” అన్నాడు ప్రసాదు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోవడమెందుకు.

ఉత్తరాలు పంపమని అడిగారా అంటే, అడిగానన్నాడు. మరి చెన్నైలో చెప్పగలవా అంటే, చెప్తానండీ అని తల ఊపాడు. ఆ ఊపు నాకు నచ్చలేదు. అప్పటికి మీరు పోయి నువ్వు వచ్చేసింది నా నోట్లో. “ఇంట్లో మీ అమ్మ ముందు చెప్పలేని మాట చెన్నైలో ఎలా చెప్తావు బాబూ? ముందు అక్కడ చెప్పు” అన్నాను.

వాళ్ళ ఇంట్లో సత్యనారాయణ వ్రతం వచ్చింది. నన్నూ పిలిచారు, పచ్చడి మెతుకులకే. పనసపొట్టు కూర, పులిహోర, బూరెలు, ఇంకా ఏవేవో పచ్చడి మెతుకులు పెట్టారు. ఆడవాళ్ళం ఒక వరస, మగవాళ్ళు ఎదురు వరస కూచున్నాం. ఎవరో బంధువు వడ్డిస్తూ మీ కోడలు ఆ హాస్పిటల్లోనే చేస్తోందా అని అడిగాడు. ప్రసాదు వాళ్ళమ్మ, ఆఁ నర్సే కదా అంది.

ప్రసాదు అన్నం కలుపుతున్నవాడు ఆగాడు.

“కాదమ్మా. హాస్పిటల్ మానేసింది” అన్నాడు. “ఉద్యోగాలకెళ్ళేవాళ్ళ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చూస్తోందండి. గవర్నమెంటు దగ్గర రిజిస్టరు చేసుకుని సొంతంగా పెట్టుకుంది. నా చెరువులు పోయిన దగ్గర్నుంచి ఈ ఇంటికి డబ్బు అక్కడి నుంచే వస్తోందండి.”

వరస మొత్తం చేతులాగిపోయాయి. వాళ్ళమ్మ ముఖం పాలిపోయింది. వాళ్ళ నాన్నగారు విస్తట్లోంచి తల ఎత్తలేదు. ఇక లేచి వెళ్ళిపోతారేమో అనుకున్నాను. ఆ సమయంలో నా పక్కన కూచున్న ముసలావిడ, ప్రసాదుకి మేనత్త, మాట్లాడింది.

“ఎంతమంది పిల్లల్నిరా?” అంది.

నలుగురు అత్తయ్యా, మన పాప కాకుండా అన్నాడు.

“నలుగుర్నా! ఒక్కతేనా? సాయానికి ఎవరూ లేరా?” అని ఆవిడ బూరె పక్కన పెట్టేసింది. “మీ ఇద్దరు బావల్నీ పెంచడానికి నాకు మా అత్తగారు, ఇద్దరు తోడికోడళ్ళు, పాలేరు పెళ్ళాం అందరూ ఉన్నార్రా. అయినా చచ్చాను. అది మనిషా ఏంట్రా?”

ఎవరో నవ్వారు. ఆడవాళ్ళ వరస మొదలైంది. అంత చలిలో వాళ్ళకి స్నానాలు ఎలా చేయిస్తుంది, తెల్లపిల్లలు ఏం తింటారు, తెలుగులో మాట్లాడితే అర్థమవుతుందా, ఒకటే ప్రశ్నలు. ప్రసాదు అన్నిటికీ సమాధానం చెప్తున్నాడు, అతనికి తెలుసిప్పుడు. వాళ్ళమ్మ మజ్జిగ పోస్తూ పోస్తూ నా దగ్గర ఆగి, ఆ గుడ్డు పడని పిల్లకి ఏం పెడుతుందటండీ అని మెల్లగా అడిగింది. నేను గట్టిగా ఊపిరి పీల్చుకుని ఇంకో బూరె వేయించుకున్నాను.

చెన్నై

ఉత్తరాలు వచ్చాయి. నాలుగు ఇళ్ళ వాళ్ళూ రాశారు. నేను రాసిన ఉత్తరం నిజంగానే రెండు ముక్కలు: కిందటిసారి మా ప్రాంతపు అలవాటు కొద్దీ భార్య పనిని తక్కువ చేసి చెప్పాడు, అది పొరపాటు, వాస్తవం ఇది. ఆడిటర్ గారు విని, అలవాటు అన్న మాట కూడా ఎక్కువే అన్నారు. ఉంచాను. ఆయన చెప్పినవన్నీ చేయక్కర్లేదని కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ప్రసాదుకి నేను జవాబులేవీ బట్టీ పట్టించలేదు. ఇది కూడా చెప్పాలి. ఇప్పుడు ప్రశ్నలూ జవాబులూ అచ్చేసి అమ్ముతున్నారు, జనం వల్లెవేసుకుని పోతున్నారు. వల్లించిన జవాబు ఆఫీసరుకి తెలిసిపోతుంది. అతనికి ఒకే మాట చెప్పి రైలెక్కించాను. ఏది అడిగినా మీ అత్తయ్యకి చెప్పినట్టు చెప్పు అన్నాను.

ఇంటర్వ్యూ రోజు నేను ఆఫీసులో ఏ పనీ చేయలేదు. ఒక రిటర్ను కాగితం తిరగేసి మళ్ళీ తిరగేశాను. ఈసారి కూడా కాదంటే ఆ పిల్ల ఇల్లు ఖాళీ చేసేస్తుంది, అన్న మాట మీద నిలబడే మనిషని గొంతులోనే తెలిసింది నాకు. సాయంత్రం ఫోన్ మోగింది. చెన్నైలో ఎస్టీడీ బూత్ నుంచి ప్రసాదు.

“ఇచ్చారండి” అన్నాడు. ఏళ్ళ తరబడి ఎన్నో ఫైళ్ళు గట్టెక్కాయి గానీ, అంత హాయి ఎప్పుడూ కలగలేదు. ఆఫీసులో అందరికీ కాఫీలు తెప్పించాను.

ఏమడిగారు, ఏం చెప్పావు, వరసగా చెప్పమన్నాను. పోయినసారి పని లేదన్నావు కదా అని మొదటే అడిగారట. “తప్పు చెప్పానండి. పనంటే ఏంటో అప్పటికి నాకు తెలియదండి” అన్నాడట. ఆమె పని గురించి చెప్పమంటే మొత్తం చెప్పాడు. గుడ్డు సంగతి దగ్గర ఆ ఆఫీసరు రాసుకోవడం ఆపి వినడం మొదలుపెట్టాడట. చివర్లో, అక్కడికెళ్ళి నువ్వేం చేస్తావని అడిగారు.

“మొదట్లో మా ఆవిడ దగ్గరే పని నేర్చుకుంటానండి. ఆవిడే యజమానండి. నడుం నొప్పి కదా, పిల్లల్ని ఎత్తడం దించడం నేను చూసుకుంటానన్నాను” అని చెప్పాడు. విజయకి చెప్పావా అంటే, చేశానండి, ఎత్తలేదు, రైలుకి టైమైపోతోంది అని పెట్టేశాడు. అప్పటికి అతని దగ్గర సెల్ఫోను లేదు.

నేను తాళాలు వేసుకుంటుంటే మళ్ళీ ఫోన్. విజయ. అక్కడ అప్పటికింకా మధ్యాహ్నమే.

“మేడం గారూ, ఆయన చేసినట్టున్నారండి. పిల్లల్ని తీసుకురావడానికి నర్సరీకి వెళ్ళాను, ఎత్తలేకపోయాను” అంది. వెనకాల పిల్లల గోల వినిపిస్తోంది. “లోపల ఏం చెప్పారంటండి?”

చెప్పాను. అతను నాకు చెప్పిందంతా, తప్పు చెప్పానండి అన్న దగ్గర్నుంచి నడుం నొప్పి వరకూ.

“యజమాని అన్నారాండి?” అంది.

అన్నాడమ్మా అన్నాను.

“ఇంకోసారి చెప్పండి మేడం గారూ.”

మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. ఎవరో పిల్లాడు ఏడుపు లంకించుకుంటే, వస్తున్నా నాన్నా అని ఫోన్ పెట్టేసింది. తాళాలు చేతిలో పట్టుకుని సగం మెట్లు దిగాక గాని నాకు వెలగలేదు. వీసా వచ్చిందా అని ఆ అమ్మాయి అడగనే లేదు, నేనూ చెప్పలేదు. నవ్వుకుంటూ మళ్ళీ పైకెక్కి, తాళం తీసి, నంబరు నొక్కాను.